తెక్కలకోట దప్పిక, హచ్చొళ్ళి గొంతు

బళ్ళారి జిల్లా మొత్తంలో ఇంతవరకు ఒక్కసారి కూడా జబ్బు పడని మగాడు ఎవరంటే భీమేష్ ఒక్కడే. తుమ్మింది లేదు, దగ్గింది లేదు, జ్వరమొచ్చి దుప్పటి ముసుగేసుకున్నది లేదు. ఈ మాట చెప్పింది వేరెవరో కాదు, భీమేషే. తెక్కలకోట బస్టాండులో తోరణగల్లు ఉక్కు ఫ్యాక్టరీకి పోయే కంపెనీ బస్సు కోసం నిలబడి, చేతిలో టీ గ్లాసుతో, పొద్దున్నే ఎవరూ అడక్కుండానే చెబుతుంటాడు. విన్నవాళ్ళు కాదనరు. అది నిజమే. కాకపోతే ఆ నిజంలో ఒక చిన్న ముక్కను అతను టీతో పాటు మింగేస్తాడు. ఆయనగారి తుమ్ములన్నీ ఇంట్లో వాళ్ళమ్మ ఉచ్చంగెమ్మ తుమ్ముతుంది.

ఆ ఇంటి మగవాళ్ళది అదో తీరు. జబ్బు వాళ్ళకే వస్తుంది, బాధ మాత్రం వాళ్ళ మనసు ఎవరి మీద ఉంటే వాళ్ళకు పోతుంది. భీమేష్ తాతకు ఉబ్బసం ఉండేది, ఆయాసపడింది మాత్రం ఆయన కాడికి కట్టే ఎడమపక్క ఎద్దు. ఎద్దు ఎగపోస్తుంటే తాత మాత్ర వేసుకునేవాడు, ఎద్దుకు నెమ్మదించేది. అవ్వకే చచ్చేదాకా నెమ్మదించలేదు. పెళ్ళాం ఇంట్లో ఉండగా ఎద్దుకు పోవడమేమిటని ఆమె ఆ ఎద్దుకు ఏనాడూ చేత్తో గడ్డి వెయ్యలేదు. ఊళ్ళో మెడికల్ షాపాయన ఆ ఇంటివాళ్ళు ఎవరొచ్చినా "జబ్బు ఎవరిది, బాధ ఎవరిది?" అని రెండు ప్రశ్నలడిగి మందు కట్టిస్తాడు. ఎవరికీ అందులో వింతేమీ కనిపించదు. రేషన్ కార్డు ఒకరి పేరు మీద ఉంటే బియ్యం ఇంకొకరు మోసుకొస్తారు, ఇదీ అంతే.

ఒక్కసారి మాత్రం ఈ తీరు ఆ ఇంటిని గట్టిగా దెబ్బతీసింది. భీమేష్ నాయన ఉరుకుందప్ప వరి మడిలో గట్టు వేసుకుంటున్న ఒక పొద్దున, ఇంట్లో ఉచ్చంగెమ్మకు రొమ్ము బిగబట్టింది. ఎడమ చెయ్యి లాగింది, చెమటలు దిగకారాయి. గ్యాస్ అనుకుంది. సోడా తెప్పించుకుని తాగి, తేన్పు కోసం ఎదురుచూస్తూ గుంజకు ఆనుకుని కూర్చుంది. ఉన్నట్టుండి చేత్తో తీసేసినట్టు నొప్పి పోయింది. హమ్మయ్య అనుకుంది. పోయింది నొప్పి ఒక్కటే కాదని, మడి దగ్గరనుంచి మనుషులు పరిగెత్తుకొచ్చాక తెలిసింది.

అప్పటినుంచి ఉచ్చంగెమ్మ తెల్లారి లేవగానే ముందు తన ఒళ్ళు తాను తడుముకుంటుంది. గొంతు, రొమ్ము, కడుపు, మోకాళ్ళు. ఏది కొత్తగా నొచ్చినా కొడుకును లేపి మందు మింగిస్తుంది.

నేత్రావతి హచ్చొళ్ళి నుంచి ఆ ఇంటికి కోడలై వచ్చినప్పుడు వీధి వీధంతా ఆమె ముక్కు వైపే చూసింది. మొగుడి మొదటి పడిశం పెళ్ళానికి వచ్చిన రోజు ఆ ఇంట్లో పాయసం చేస్తారు. కొత్తకోడలు తుమ్మితే చాలు, పక్కింటి ఎల్లక్క గోడ మీదుగా తల పెట్టి "నీదా, మీ ఆయనదా?" అని అడిగేది. మిరపకాయల ఘాటని చెప్పుకోవడానికి నేత్రావతికి తలకొట్టేసినట్టు ఉండేది.

అలాగని ఆమె ఊరికే కూర్చోలేదు. చలికాలంలో మొగుడికి చన్నీళ్ళు తోడిపెట్టింది. రాత్రి అన్నంలో గడ్డపెరుగు రెండు గరిటెలు ఎక్కువ వేసింది. తుంపర పడుతుంటే బండి మీద ఊరంతా తిప్పమని మారాం చేసింది. భీమేష్‌కు సంగతి తెలుసు. నా మీద ఇంత కుట్ర ఎందుకు, పడిశం కావాలంటే అడుగు, బళ్ళారి నుంచి మంచి రకం తెచ్చిస్తా అని ఏడిపించేవాడు. ఆమె చెంగు చేత పట్టుకుని తెల్లవార్లూ ఎదురుచూసేది. తెల్లారేసరికి పెరట్లో ఉచ్చంగెమ్మ తుమ్ముతూ ఉండేది. తుమ్ముకూ తుమ్ముకూ మధ్య నవ్వు ముఖం.

రెండేళ్ళు అలాగే గడిచాయి. ఆ తర్వాత ఒక తేరు నాడు భీమేష్ మండక్కి బొరుగులు, మిర్చి బజ్జీలు తిని, ఏ నీళ్ళతో చేసిందో తెలియని ఐసు వేసిన రంగు షర్బత్తు తాగి వచ్చాడు. మర్నాడు పొద్దున ఉచ్చంగెమ్మ చెంబు పట్టుకుని పరుగులు మొదలుపెట్టింది. భీమేష్ అరుగు మీద కాలు మీద కాలేసుకుని ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్ళు తాగుతుంటే ఆమెకు కొంచెం కొంచెంగా కట్టుకుంది. మధ్యాహ్నానికి తేరుకుని, నీరసంగా గోడకానుకుని, దారిన పోయే ప్రతి ఆడమనిషినీ ఆపి చెప్పింది. వాడికి పెళ్ళయినా భేదులు ఇంకా నాకే వస్తాండాయి, ఎంతైనా కన్నకడుపు కదా అని.

నేత్రావతి లోపలికి పోయి సంచిలో చీరలు సర్దుకుంది.

"రెండేండ్లయింది. ఒక్క తుమ్మన్నా నాకొచ్చిందా?" అంది వాకిట్లో నిలబడి.

"భేదులు రాలేదని అలిగినోళ్ళను ఈ పొద్దే చూస్తాండా," అన్నాడు భీమేష్.

"నేనడిగేది భేదులు కాదప్పా. నీకు తెలుసు."

అతనికి తెలుసు. కానీ ఎల్లక్క గోడ మీదనుంచి చూస్తోంది, వీధిలో ఇంకో నలుగురు ఆగి ఉన్నారు. అంతమంది ముందు భీమేష్ నోరు ఎప్పుడూ అతని మాట వినదు.

"పోతే పో. రేపటికి నువ్వు నాకు జ్ఞాపకం కూడా రావు, చూస్తాండు," అన్నాడు.

హచ్చొళ్ళిలో నాట్ల కాలం. కాలువ నీళ్ళు మడుల్లో తళతళలాడుతున్నాయి. నేత్రావతి తల్లి నింగమ్మతో కలిసి కూలికి పోయింది. వంగి నారు పెడుతూ ఉంటే నడుం కంటే ముందు ఆ ఆఖరి మాట నొచ్చేది. జ్ఞాపకం కూడా రావు. ఎద్దుకన్నా కడయిపోయానా అనుకునేది.

కొన్నాళ్ళకు ఆమెకు దప్పిక మొదలైంది. మామూలు దప్పిక కాదు. చెంబెడు తాగితే ఇసుకలో పోసినట్టే. కడవ ఖాళీ చేసి మళ్ళీ కడవ వైపు చూసేది. తాగినదానికి తగ్గట్టు గట్టు చాటుకు పోయి రావడమే పనైపోయింది. పక్కన నాటేవాళ్ళు ఆమె వరుస కూడా నాటి పెట్టారు. తర్వాత ఆకలి. సంగటి ముద్ద మీద ముద్ద తిన్నా కాళ్ళలో సత్తువ లేదు. కళ్ళు మసకేసి, బస్సు మీద బోర్డు చదవలేక ఒకసారి వేరే ఊరి బస్సెక్కి దిగింది.

నింగమ్మ ఇదంతా చూసి లోలోపల మురిసిపోయింది. ఆమె లెక్క ఆమెకుంది. దప్పిక, ఆకలి, నీరసం, మాటిమాటికీ లేచిపోవడం, ఇవి దేని గుర్తులో ముగ్గురు పిల్లల్ని కన్న మనిషికి చెప్పాలా? నెల తప్పలేదమ్మా అని నేత్రావతి నెత్తీనోరూ కొట్టుకుంది. మా అక్కకు నాలుగో నెల దాకా వస్తానే ఉండె అని నింగమ్మ కొట్టిపారేసింది. నువ్వులూ బెల్లమూ కలిపి చిగిళి దంచి పెట్టింది, పూర్ణం పెట్టి ఓళిగలు చేసి పెట్టింది. పక్కింటి పున్నమ్మ వచ్చి సీమంతానికని గాజుల కొలత అడిగి పోయింది. తన అల్లుడి ఇంటి తీరు నింగమ్మకు తెలియక కాదు. రెండేళ్ళు రాని బాధ, కూతురు ఆ ఇల్లొదిలి వచ్చాక వస్తుందని ఎవరనుకుంటారు? నేత్రావతి కూడా అనుకోలేదు. జ్ఞాపకం రావన్నాడు కదా.

ఒక పొద్దున కడుపులో నొప్పి మెలిపెట్టి వాంతయింది. వేవిళ్ళు అని నింగమ్మ సంబరపడి, సిరుగుప్పలో డాక్టరమ్మకు చూపించుకుని రమ్మని బస్సెక్కించింది.

డాక్టర్ సహన వయసులో చిన్నది, మాట మెత్తన. ముందు కడుపు సంగతి చూసింది. ఏమీ లేదు. తర్వాత అన్నీ విని, వేలి మీద గుచ్చి రక్తపు చుక్క తీసి షుగరు చూసింది. అదీ లేదు.

"నీ రక్తం నా రక్తం కన్నా బాగుందమ్మా," అంది సహన. "సన్నబడినావా ఏమన్నా?"

"యాడ మేడం. మా అమ్మ పెట్టే తిండికి లావయినా."

సహన పెన్ను కింద పెట్టింది. షుగరు జబ్బు బాధలన్నీ వరసగా ఉన్నాయి, జబ్బు మాత్రం లేదు. మీ ఆయనది ఏ ఊరని అడిగింది. తెక్కలకోట అంది నేత్రావతి. ఉరుకుందప్ప వాళ్ళిల్లా అని అడిగింది సహన. ఆ తాలూకాకు వచ్చిన ఏ డాక్టరయినా నీళ్ళ ట్యాంకు ఎక్కడుందో తెలుసుకున్నట్టే, మొదటివారంలోనే ఆ ఇంటి సంగతి తెలుసుకుంటారు.

నేత్రావతికి మొదట నవ్వొచ్చింది. చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నా ఆగలేదు. చెంబులు చెంబులుగా, కడవలు కడవలుగా, పొద్దూ మాపూ అతను తనను తలుచుకుంటూనే ఉన్నాడు. రెండేళ్ళ పాయసం ఒక్కసారిగా తాగినట్టయింది. తల ఎత్తి చూస్తే డాక్టరమ్మ నవ్వడం లేదు.

"వయసులో ఉన్న కొందరికి ఒళ్ళే పొరపాటుపడి, ఇన్సులిన్ తయారయ్యే చోటును పాడు చేసుకుంటుంది," అని చెప్పింది సహన. "అది లేకపోతే తిన్నది ఒంటికి పట్టదు. చక్కెరంతా రక్తంలో నిలబడి మూత్రంలో పోతుంది. పోతూ పోతూ ఒంట్లో నీళ్ళు కూడా ఈడ్చుకుపోతుంది."

పెండ్లిలో లడ్లు బాగా తిన్నాడు మేడం, అందుకేమో అంది నేత్రావతి. లడ్లూ కాదు, దిష్టీ కాదు, ఎవరి తప్పూ కాదు అంది సహన. ఆ తర్వాత కుర్చీ దగ్గరికి లాక్కుని మెల్లగా చెప్పింది.

"దప్పిక అంటే ఒళ్ళు నీళ్ళు అడగడం. ఆయన ఒళ్ళు నిన్ను అడుగుతా ఉంది, ఆయనకు వినపడడంలేదు. దప్పిక లేదు కాబట్టి తాగడు, నీరసం లేదు కాబట్టి పడుకోడు. నోట్లో మాగిన పండు వాసన, కడుపునొప్పి, వాంతి మొదలైనాయంటే ఇంక టైం లేదమ్మా. నడుస్తా నడుస్తానే పడిపోతాడు. ఈ పొద్దే పిలుచుకొని రా."

ఫోన్ చేస్తే మోగింది, ఎత్తలేదు. పనిలో ఉన్నంతసేపు భీమేష్ ఫోన్ పెట్టెలో ఉంటుంది. నేత్రావతి హచ్చొళ్ళి బస్సు వైపు చూడకుండా తెక్కలకోట బస్సెక్కింది.

కిటికీ పక్కన కూర్చుని గొంతు పట్టుకుంది. మండుతోంది. మండనీ అనుకుంది. మామ చనిపోయిన రోజు అత్తకు నొప్పి ఎలా పోయిందో ఆమె చాలాసార్లు విన్నది. ఈ దప్పిక ఉన్నంతసేపు అక్కడ మనిషి ఉన్నట్టు. సంచిలో నీళ్ళ సీసా ఉన్నా మూత తియ్యలేదు. దారిలో ఒకచోట, ఉన్నట్టుండి గొంతు చల్లబడింది. నేత్రావతికి పైప్రాణాలు పైనే పోయాయి. ముందు సీటు కమ్మీ పట్టుకుని, రా, రా, మళ్ళీ రా అని లోపల లోపలే పిలిచింది. పక్కన కూర్చున్న ముసలాయన ఏమైందమ్మా అని అడిగితే దప్పిక పోయింది తాతా అని ఏడ్చింది. ఆయనకు ఏమీ అర్థం కాలేదు. కాసేపటికి గొంతు మళ్ళీ భగ్గుమంది. తోరణగల్లులో ఎవరో భీమేష్‌కు టీ ఇచ్చి ఉంటారు. ఆ మంటకు ఆమె చేతులెత్తి మొక్కింది.

ఉచ్చంగెమ్మ వాకిట్లో చీపురుతో చీమల్ని ఊడుస్తోంది. కోడల్ని చూసి చీపురు పక్కన పడేసింది. నేత్రావతి చెప్పింది, గుటకలు మింగుతూ, ఒక్క ఊపిరిలో. కొడుకుకు జబ్బు అన్న మాట కంటే ముందు ఉచ్చంగెమ్మకు వేరే మాట తగిలింది.

"దప్పిక నీకొచ్చిందా? నీకేనా?" అని కోడలి రెండు చేతులూ పట్టుకుంది.

కోడలు పోయిన దగ్గర్నుంచి తనకు ఒక్క తుమ్మూ రాలేదని చెప్పింది. కొడుకు కోడల్ని మరిచిపోయానన్నాడు. తల్లికీ రాక, పెళ్ళానికీ పోక, వాడి బాధలు ఎవరికి పోతున్నట్టు? తోరణగల్లులో ఇంకెవరో ఉన్నారనుకుంది ఆమె. కంపెనీ బస్సు దిగేవాళ్ళను మాటల్లో పెట్టి, క్యాంటీన్లో తుమ్ముతూ ఉండే ఆడమనిషి ఎవరన్నా ఉందా అని కూపీ లాగింది. వాడి నోట్లోంచి మాగిన జామపండు వాసన వస్తుంటే, ఎవత్తో పండ్లు తినిపిస్తోందనుకుంది. పరువు పోతుందని ఎవరికీ చెప్పలేదు. స్నానాల గది వెనక తెల్లారేసరికి చీమలు బారులు తీరుతుంటే, ఆ పండ్ల చక్కెరే అనుకుని రోజూ ఊడ్చిపోస్తోంది.

చీమలు ఎక్కడ అని నేత్రావతి అడిగింది. భీమేష్ పొద్దున్నే లేచి ఒంటికి పోయే చోటే. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఉచ్చంగెమ్మ లోపలికి పోయి బిందె నింపి తెచ్చి అరుగు మీద పెట్టింది.

సాయంత్రం బస్సు దిగి భీమేష్ ఈల వేసుకుంటూ వచ్చాడు. ప్యాంటు జారుతుంటే బెల్టుకు మేకుతో కొత్త బొక్క పొడుచుకున్నాడు. బుగ్గలు లోపలికి పోయి, కళ్ళు గుంటలు పడి ఉన్నాయి. ముఖంలో మాత్రం పెళ్ళికొడుకు కళ.

"ఎవరొచ్చినారప్పా మా ఇంటికి? చూస్తివా, ఎట్ల సన్నబడినానో. పెండ్లాం పుట్టింటికి పోతే ఒళ్ళు తేలికైతాదంట," అన్నాడు.

"నీళ్ళు తాగు," అంది నేత్రావతి.

"నాకు దప్పిక లేదు మే. ఫర్నేసు కాడ అందురూ సీసాలు సీసాలు తాగుతాంటే నేను చుక్క ముట్టకుండా పని చేస్తాండా. సూపర్‌వైజరు దండం పెట్టినాడు."

"నాకుండాది. తాగు."

వేళాకోళానికి తాగాడు. చెంబు ఎత్తి గటగటా తాగి, సరేనా అన్నట్టు కళ్ళెగరేశాడు. నేత్రావతి కళ్ళు మూసుకుని ఉంది. ఆమె గొంతు కదిలింది. ఇంకా అంది. ఉచ్చంగెమ్మ ముంచి ఇచ్చింది. అతను తాగాడు. ఇంకా అంది. నీ గొంతులో బోరు వేసినారా ఏంది అన్నాడు భీమేష్, నవ్వబోయాడు. చుక్క నీళ్ళు ముట్టని ఆమె ఎండిన పెదవులు అతను చూస్తుండగానే తడిదేరాయి. మూసిన రెప్పల కింద నుంచి నీళ్ళు కారుతున్నాయి. భీమేష్ చేతిలో చెంబు ఆగింది.

మెట్టు మీద కూలబడ్డాడు.

"ఇన్ని దినాలూ ఇదంతా నీకేనా?"

ఆమె తల ఊపింది.

"నాకు హాయిగా ఉండాది అనుకుంటి," అన్నాడు. ఈసారి ఆ మాటలో వేళాకోళం లేదు.

ఉచ్చంగెమ్మ అప్పటికే వీధి చివర ఆటోను పిలుస్తోంది. సోడా మాట ఎవరూ ఎత్తలేదు. సిరుగుప్పలో సహన చూసి, అక్కడే సెలైన్ పెట్టి, అదే బాటిల్‌తో అంబులెన్సులో బళ్ళారికి పంపింది. అక్కడి డాక్టర్లు ఇంకో పూట ఆగి ఉంటే చెప్పలేమన్నారు. మంచం మీద భీమేష్, పక్కన స్టూలు మీద నేత్రావతి. అతని చేతిలోకి సెలైన్ దిగుతుంటే ఆమె కళ్ళలో మసక విడింది, కడుపులో మెలి జారింది. నర్సులు బాధ ఎలా ఉందని ఆమెను అడిగి, మందు అతనికి ఎక్కించారు.

ఇక రోజూ ఇన్సులిన్ పొడుచుకోవాలని చెప్పి, ఎలా పొడుచుకోవాలో నేర్పించారు. మొదటిసారి అతను ధైర్యంగా కడుపులో సూది గుచ్చుకుంటే నేత్రావతి స్స్ అని పొట్ట పట్టుకుంది. అప్పటినుంచి భీమేష్ సూది చేతిలోకి తీసుకుని ముందు ఆమె ముఖం చూస్తాడు. ఆమె ఊ అన్నాకే గుచ్చుకుంటాడు. ఉచ్చంగెమ్మ టిఫిన్ డబ్బాలో పాయసం తెచ్చి కోడలికి ఒక్కదానికే పెట్టింది. భీమేష్ గరిటె వైపు చూస్తుంటే, నువ్వు వాసన చూడప్పా చాలు అంది. అని, వరండాలోకి పోయి చాలాసేపు గోడ వైపు తిరిగి నిలబడింది. కొడుకు తుమ్ములు ఇక తనవి కావు. కొడుకు మాత్రం ఉన్నాడు.

డిశ్చార్జి చేసే రోజు మధ్యాహ్నం, వార్డులో అందరూ కునుకు తీస్తున్నప్పుడు నేత్రావతి అడిగింది.

"జ్ఞాపకం కూడా రావంటివే."

భీమేష్ ఫ్యాను వైపు చూశాడు. పక్క మంచం వైపు చూశాడు. అతని చెవులు ఎర్రబడటం ఆమె మొదటిసారి చూసింది.

"నవ్వగూడదు," అన్నాడు.

"నవ్వనులే, చెప్పు."

"సెలవు దినం వస్తే హచ్చొళ్ళి బస్సెక్కుతాంటి. మీ ఊరికి వస్తాంటి. దిగనీకి మాత్రం కాళ్ళు రాకుండె. కిటికీలో నుంచి మీ వీధి చూసి, అదే బస్సులో వాపసు వస్తాంటి."

"ఎన్నిసార్లు?"

"అది అడగొద్దు. కండక్టరు నన్ను చూస్తానే పోనూ రానూ టికెట్ కొడతాండె." గొంతు ఇంకా తగ్గించాడు. "ఒగ తూరి మీ యమ్మ అదే బస్సెక్కింది. నాకు ఏం తోచక వెనక సీటు కిందికి దూరితి. ఆమె సరిగ్గా ఆ సీటు మీదనే వచ్చి కూచునింది. కింద ఏందో మూట ఉండాదనుకొని వంకాయల సంచి నా వీపు మీద పెట్టింది. సిరుగుప్ప దాకా మోస్తి మే. దిగేటప్పుడు సంచి తీసుకొని, ఎవరో మూట మర్చిపోయినారు చూడప్పా అని కండక్టర్ను పిలిచింది."